సున్నం, నీలిమందు

కొల్లాపూర్‌ల బస్సు దిగి
ఆటోల సోమశిల చేరేసరికి
సంచిలున్న సరెండర్ ఫారం
నా చెమటకే మెత్తబడ్డది.
పద్దెనిమిదేండ్లు కట్టిన పాలసీ,
ఇంక రెండేండ్లు ఓపిక పడితే చేతినిండ పైసలు,
ఆగు కుర్మయ్యా అని చెప్పుదామని
నల్లగొండ నుంచి ఇంత దూరం వచ్చిన.

మలుపు తిరగంగనే
కృష్ణ ఒడ్డున తెల్లటి ఇల్లు, నీలి తలుపులు,
కప్పు మీద నీలి గుమ్మటం.
పాత నీళ్ల ట్యాంకును నడుమకు కోసి
బోర్లేసి రంగేసిండట.
నవ్వొచ్చింది.
కొంచెం సేపటికి ఆగింది.

ఎందుకంటే అసలుది నేను చూసిన.
పోయినేడు, జిల్లాల అందరికంటె
ఎక్కువ పాలసీలు కట్టించిన్నని
కంపెనీ నన్ను గ్రీసు దేశం తోలింది.
నాలుగు రోజులు, ఒక దీవి,
కొండకు గూడు లెక్క అంటుకున్న ఎనిమిది గదుల హోటలు.
నాతోటోళ్లంతా ఫోటోలు దిగుతుంటే
నేను తొక్కు కోసం నాలుక చప్పరించుకుంట తిరిగిన.
మూడో నాడు తెల్లారగట్ల
మెట్ల మీద హోటలు ముసలామె
మోకాళ్ల మీద కూసోని
బండల సందులల్ల సున్నం గీస్తున్నది.
ఆ వాసన!
దస్రా ముంగట మా ఇంటి వాసన
సముద్రాలు దాటి నాకంటె ముందే వచ్చి కూసున్నది.
బకెట్ల చెయ్యి పెట్టబోతే
చటుక్కున కొట్టింది చేతి మీద.
ఆమె మాట నాకు రాదు, నాది ఆమెకు రాదు,
సున్నం కాలుతదని మాత్రం ఇద్దరికి తెలుసు.

కుర్మయ్య ఇరవై ఏండ్లు
బొంబాయిల మందిగోడలకు రంగులేసిండు.
ఏ యేటిదో రంగుల కంపెనీ క్యాలెండరు,
మే నెల బొమ్మ చింపి
రేకు పెట్టెల దాసుకున్నడు.
"దాన్ని సూసినన్ని సార్లు నన్ను సూడలే"
అన్నది మన్నెమ్మ, రొట్టె తిప్పుకుంట.

గదులు ఐదే. నంబర్లు చూస్తే
2-14, 2-15, 2-19, 3-6, 3-7.
నా చేతిల 2-19 తాళంచెవి.
ఇదేం లెక్క అంటే
నీళ్ల దిక్కు గదుమ ఎత్తిండు.
"అండ్ల మునిగిన ఇండ్లయి మేడం.
మీది మా చిన్నమ్మోళ్లది.
బాయి కాడ బిందెడు నీళ్లకు
ఊరందరితోటి కొట్లాడేది.
ఇప్పుడు జూడు."

గది చిన్నది. కిటికీ గొళ్లెం పడదు.
పరుపు కొత్తది, ప్లాస్టిక్ కవరు తియ్యలే,
పక్కకు తిరిగితే గలగల.
కరెంటు పోయినంక
గోడ ఒక్కటే చీకట్ల నిలబడ్డది,
తెలుపులనే ఎక్కడో సన్నటి నీలి.
"పది కిలోల సున్నానికి
రెండు చెంచాల నీలిమందు పడాలె,
లేకుంటే తెలుపు పచ్చబడుతది,"
అన్నం కాడ చెప్పిండు.
రాత్రంత నీళ్లు ఒడ్డును తడుతున్నయి,
లోపలికి రానా అని
పాత ఇంటి మనిషి అడిగినట్టు.

పొద్దుగాల చాయ్ తాగి
ఫారం బయటికి తీసిన.
ఆగు అనే మాట
గొంతుదాంక వచ్చి, అక్కడనే కూసున్నది.
ఎక్కడ సంతకం పెట్టాల్నో వేలుతోటి చూపించిన,
సాక్షి సంతకం నేనే చేసిన.
నా కమీషన్ల కోతపడుతది, పడని.

కాయితం మడిచినంక
మెల్లగ దగ్గరికొచ్చి అడిగిండు:
"నిజం జెప్పు మేడం,
ఆడ గూడ గిట్లనే ఉంటదా?"

గిట్లనే ఉంటది కుర్మయ్యా,
గుమ్మటం ఇంత మెరవదు.
ఇంకోటి, ఆడ సుట్టూత నీళ్లే గని
అన్నీ ఉప్పునీళ్లు,
గుటికెడు తాగరాదు.

చాన సేపు నీళ్ల దిక్కు చూసిండు.
"అయ్యో, పాపం" అన్నడు,
గుమ్మటం ఎక్కిన కోతి మీదికి
రాయి అందుకుంట.