చెదలు వదిలిన కుక్క

కర్నూలు పాతబస్తీలో మాసుం బాషా పటాల అంగడి.
దేవుళ్ళు, పీర్లు, పెళ్ళిజంటలు,
నిన్న పోయినోళ్ళు,
అందరూ ఒకే గోడకు ఆనుకొని
అద్దాల కోసం కాచుకొని ఉంటారు.
పద్నాలుగేండ్లుగా అద్దం కోసేది నేనే.

మొన్న పాతసామాన్ల రహంతుల్లా
గోనెసంచిలో తెచ్చినాడు దీన్ని.
ఏదో బంగళా పడగొడుతుంటే దొరికిందంట.
చెక్క ముట్టుకుంటే పిండి.
వెనక అట్ట ఊడదీస్తే దోసెడు ఎర్రమన్ను,
మన్ను కింద
రాగిరేకు మీద చెక్కి అచ్చొత్తిన బొమ్మ:
ఒక దొర, ఒక వేటకుక్క.

దొర అని ఊహించుకోవాల్సిందే.
టోపీని తిన్నాయి చెదలు. ముఖాన్ని తిన్నాయి.
తుపాకిని తిన్నాయి.
మిగిలింది ఒక బూటు,
బూటు పక్కన, వెంట్రుక కూడా పోకుండా, కుక్క.
ఎందుకు వదిలినాయో.
అదే కాగితం, అదే సిరా.

ముందరి కాలొకటి మడిచి ఎత్తింది.
తోక కొయ్యబారింది.
ఒళ్ళంతా సన్నని గీతలు, దువ్వినట్టు,
పక్కటెముకల దగ్గర ఒత్తుగా, పొట్ట కింద పలచగా.
చెక్కినోడెవడో ఊపిరి బిగబట్టి చెక్కినాడు.

కింద ఇంగ్లీషు అక్షరాలు. కూడబలుక్కొని చదివినా.
దొర పేరు తొర్ర.
కుక్క పేరుంది, జూనో.
కర్నూలు ఉంది, మన నోరు తిరగని పలుకుబడిలో.
కుక్కకు కూడు పెట్టి, వెంట నడిచినోని పేరు మాత్రం
చెదలకు శ్రమ ఇయ్యలేదు.
మొదట్నించీ లేదు.

అప్పుడు చూసినా మెడ.
తోలుపట్టీ కాదు, తాడు.
రెండు చుట్లు, లోపలికి ఒక మెలిక, కొస వెనక్కి దోపి.
లాగితే బిగుసుకోదు, వదిలితే జారిపోదు.
మా తాత సుంకన్న ముడి అది.
మా బోయోళ్ళు తప్ప ఇంకొకరు
అట్ల వేయంగా నేను చూడలేదు.
కుందేళ్ళ వేటకు పోయే పొద్దు
నా చూపుడువేలును తాడు సందున పెట్టి నేర్పించినాడు.
వేలికి ఊపిరి ఆడాలరా, అనేవాడు.

యాడో సముద్రాల అవతల
రాగిరేకు ముందర కూర్చున్నోనికి
ఈ ఎండ తెలీదు, ఈ బోదగడ్డి తెలీదు.
వెనక గుట్టను కూడా
వాళ్ళ ఊరి గుట్టలాగా నున్నగా గీసినాడు.
ముడిని మాత్రం
అర్థం కాక, ఉన్నదున్నట్టు దించినాడు.
అర్థమైంటే దిద్దేవాడేమో.

సరే, ఇది దేన్ని చూస్తా ఉంది?
ముక్కు కొసన బొమ్మ అయిపోయింది.
అంచు అవతల ఏముందో నాకు తెలుసు.
రోళ్ళపాడు బయళ్ళలో, తాత భుజాల మీద కూర్చొని
ఒక్కసారి చూసినా.
నా అంత ఎత్తు, తెల్లని మెడ, నల్లని టోపీ,
కొర్రచేను గట్టున
పంచాయతీకి పోయే పెద్దమనిషిలాగా నడుస్తా పోయింది.
"బట్టమేక" అన్నాడు తాత, గాలితో అన్నట్టు.
కుక్క మెడ మీద చెయ్యి వేసినాడు.
కొట్టలేదు ఆ పొద్దు. ఎందుకో చెప్పలేదు.

ఇప్పుడు అక్కడ పిట్ట బొమ్మ వేసిన బోర్డుంది.
పిట్ట కోసం వచ్చినోళ్ళు
బోర్డుతో ఫోటో దిగి పోతారు.

పటం కొన్నాయనకు నంద్యాల దోవలో హోటలుంది.
"తినేసిందంతా కోసెయ్, కుక్కను మధ్యలో పెట్టు" అన్నాడు.
కోసినా. బూటు కూడా పోయింది.
మధ్యలో మాత్రం పెట్టలేదు.
కుక్కను ఎడమ అంచుకు జరిపి
ముక్కు ముందర నాలుగంగుళాలు
తెల్లట్ట అట్లనే వదిలినా.

"ఇదేమప్పా, ఈ పక్కంతా ఖాళీ?"
ఖాళీ కాదు సార్, అన్నా.
వంగి చూసినాడు.
కొత్త అద్దం కదా, ఆయన ముఖమే కనపడింటుంది.
మాసుం బాషా లెక్క రాస్తా
అట్ట ఎక్కువ పట్టింది, ఇంకో నలభై, అన్నాడు.
బేరం చానాసేపు సాగింది.

నేను పటం వెనక తాడు కట్టి
వేలు దూర్చి చూసుకున్నా.