కార్డు వెనక రెండు గీతలు

ఎనభై డాలర్లు.
నలభై నావి, నలభై మైటేవి.
ఆమె వాటాలో పదిహేను డాలర్లు క్వార్టర్లే,
డ్రయర్ల కింద నుంచి చీపురుతో లాగినవి.
కౌంటర్లో కుర్రాడు ఓపిగ్గా చిల్లర లెక్కపెట్టుకున్నాడు.
మీరిద్దరూ ఏమవుతారని అడగలేదు.
అడిగుంటే చెప్పడానికి మా దగ్గర మాట లేదు.
ఎల్కోలో, హైవే పక్క మోటెల్లో
ఒకే వాషింగ్ మెషిన్ ముందు
ఆమె పగలు, నేను రాత్రి.

కార్డు వెనక రెండు గీతలుంటాయి.
పై గీత మీద మైటే ఎచెవెరీ.
గొర్రెలకాపరి మనవరాలు,
సంతకం కూడా మంద కదిలినట్టు ఓ పక్కకి ఒరిగిపోతుంది.
కింద గీత మీద నొరీన్ అని నేను.
సిరా ఆరకముందే వేలు తగిలి
చివరి అక్షరానికి తోక మొలిచింది.

ఒకరు సెలవు పెడితే ఇంకొకరు
రెండు షిఫ్టులూ మొయ్యాలి.
కాలవ నీళ్ళకి వంతులున్నట్టు
మాకు కొండలకి వంతులు.
సరి నెలలు ఆమెవి, బేసి నెలలు నావి.
పదకొండో నంబరు లాకర్లో, సబ్బు పొడి డబ్బా వెనక ఓ కవరు.
తిరిగొచ్చినవాళ్ళు కార్డు అందులో పెట్టి
ఒక ముక్క రాసి పెట్టేవాళ్ళం.
ఒప్పందమేం కాదు, అలా అలవాటైంది.

"ఆగస్టు. జయాన్. గేటు దగ్గర గంటన్నర
కార్లో ఉడికాను. తర్వాత మోకాటిలోతు ఏట్లో నడిచాను.
ఒక చెప్పు ఏటికి ఇచ్చాను."

"సెప్టెంబరు. లాసెన్. నేలే కుతకుత ఉడుకుతోంది,
కుళ్ళిన గుడ్ల కంపు.
ఇంత దూరం వస్తే మన బాయిలర్ గదే."

"డిసెంబరు. డెత్ వ్యాలీ.
ఉప్పు మీద వెల్లకిలా పడుకున్నాను.
ఎవరూ ఉతకక్కర్లేని పక్క."

"జనవరి. కారు బ్యాటరీ చచ్చింది. ఎక్కడికీ పోలేదు.
కార్డు కిటికీలో నిలబెట్టుకుని నిద్రపోయాను."

ఏప్రిల్లో మైటే ఏమీ రాయలేదు.
కవరు అడుగున ఎర్ర ఇసుక, చిటికెడు.
పార్కులోంచి గులకరాయి కూడా తేకూడదు.
బూట్లలో వచ్చిందేమో.
నేను అడగలేదు.
లాకర్ అంతా తుడిచి ఆ మూల వదిలేశాను.

మేలో నేను నల్లరాళ్ళ మధ్య తిరిగి
పగుళ్ళలో గోరంత పూలున్నాయని రాసిపెట్టాను.
జూన్ ఆమె వంతు.
కవరు కదల్లేదు.
ముప్పయ్యో తారీఖున కార్డుకి కాలం చెల్లింది.

మర్నాడే బాయిలర్ పగిలింది.
మేనేజరు చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలో నిలబడి
పదకొండేళ్ళలో మొదటిసారి
ఇద్దర్నీ ఒకేసారి ఇంటికి పొమ్మన్నాడు.

ఇంటికి పోలేదు. నాలుగు గంటలు దక్షిణానికి పోయాం.
గ్రేట్ బేసిన్‌కి గేటు లేదు, టికెట్ లేదు.
మాకు అన్నిటికన్నా దగ్గరి పార్కు అదే,
ఏడాది పొడుగునా అటు చూడలేదు.
డబ్బు కట్టాం కదా,
కట్టించుకునే చోటికే పోవాలనుకున్నాం.
అయినా కొండ మలుపులో
నా చెయ్యి కార్డు కోసం దానంతటదే అద్దం దాకా వెళ్ళింది.

పైన, రాళ్ళ గుట్టలో, బ్రిసిల్‌కోన్ పైన్లు.
మూడువేల ఏళ్ళని బోర్డు మీద ఉంది.
దగ్గరికి పోతే చాలా మటుకు చచ్చిన మానే.
ఒక పక్క జానెడు వెడల్పు బెరడు
మిగతా అందరి పనీ తనే చేస్తూ
పైనున్న గుప్పెడు ఆకుపచ్చకి నీళ్ళు మోస్తోంది.
మైటే ఆ బెరడు మీద అరచెయ్యి ఆనించింది.
బ్లీచుకి పగిలిన అరచెయ్యి.
చాలాసేపటికి,
"దీని షిఫ్టు ఎప్పుడు దిగుతుందో" అంది.

నవ్వొచ్చింది నాకు. ఆమెకి రాలేదు.
ఏప్రిల్ గురించి అప్పుడైనా అడగాల్సింది.
గాలి ఎక్కువగా ఉంది, వినపడదనుకున్నాను.

దిగుతుంటే ఆమె జేబులోంచి క్వార్టర్లు తీసి
ఒళ్ళో పేర్చడం మొదలెట్టింది.
నాలుగేసి చొప్పున.
పెట్రోలుకేమో అనుకున్నాను.
బేకర్‌లో బంకు దగ్గర కారాపితే
చెయ్యి అడ్డం పెట్టి,
"ఇవి ముట్టుకోకు" అంది.