గడ్డి రన్‌వే

సఫోక్‌లో శనివారం. గొర్రెల్ని అవతలికి తోలితే
మిగిలిన పచ్చికే రన్‌వే.
పగలంతా బానెట్లు ఎత్తి
ఒకరి ఇంజన్‌లోకి ఒకరు తొంగిచూశారు,
పసిబిడ్డ నోట్లో తొలిపన్ను వెతికినట్టు.

పొద్దు వాలింది. ఫ్లాస్కుల్లో టీ అయిపోయింది.
హెస్టర్ ఇంకా దిగలేదు.
ఆమె టైగర్ మాత్‌కి దీపాల్లేవు, రేడియో లేదు,
ఆమెకేమో ఎనభై ఒకటి.

ఎవరూ ఏమీ అనలేదు.
గాడ్‌ఫ్రీ తన ఆస్టిన్‌కి హ్యాండిల్ తిప్పాడు.
దగ్గింది, తుమ్మింది, లేచింది.
వెనకే రైలీ, మోరిస్, రంగు వెలిసిన ఓ పాలవ్యాను.
గడ్డికి రెండు పక్కలా
ఆముదం దీపాల్లాంటి హెడ్‌లైట్లు.

చీకట్లోంచి కుట్టుమిషన్ చప్పుడు.
చక్రాలు తాకి, ఎగిరి, మళ్ళీ తాకాయి.

కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి అడిగిందావిడ:
"ఎడమవైపు మూడోది ఎవరిది?
దానికో కన్ను కనపడ్డం లేదు.
చూపించుకోండి."