కరువు గీత

మొదలు పుట్టీ పట్టాలె.
సాండు కాయితంతో అద్దం లెక్క రుద్దాలె.
మీద, ముదిరిన మక్కగింజ రంగు, రెండు చేతులు.
రాత్రంత ఆరనియ్యాలె.
తెల్లారి అసలు అబద్ధం మొదలైతది.

భీమారంల కొత్తిల్లు. ఐదు తలుపులు.
మీద తొడుగు, లోపల గుల్ల,
కొడితే డబ్బా సప్పుడు.
శనివారం లోపు వీటిని టేకు చెయ్యాలె నేను.

మా ఉస్తాదు యాకయ్య
సైకిలు ట్యూబు కోసి, కర్రకు సుట్టి,
బ్లేడుతోటి గాట్లు పెట్టి రోలరు చేసిండు.
ఇప్పుడు చౌరస్తాల దుకాణంల కొత్తవి దొరుకుతయి,
గని నా సంచిల ఆ ట్యూబుదే.
తడి తడి రంగు మీద దాన్ని కిందికి గుంజుకుంట
జర ముందుకు, జర ఎనుకకు ఊపితే
చెట్టు కడుపులున్నదంత బయటికొస్తది.
నడుమ ఆగొద్దు.
ఆగితే చెట్టుకు నత్తి పడతది.

ఇంటాయన మొగిలి సారు.
అడివిల బీటాఫీసరు కొలువు చేసి దిగిండు.
పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం,
ముప్పై రెండేండ్లు
టేకు మానులకు సుత్తి ముద్రలు కొట్టిన మనిషి
ఇంటికి ఒక్క చెక్క తెచ్చుకోలేదని
సుగుణక్క చాయ్ ఇచ్చినప్పుడల్ల చెప్తది.
మెచ్చుకుంటదో, తిడతదో తెల్వది.

రెండో తలుపు గీస్తుంటే
కుర్చీ ఏసుకొని నా ఎనుక కూసున్నడు.
అద్దాలు తుడ్సుకున్నడు.
"ఆపు" అన్నడు.
"గీ చెట్టు ఏ అడివిది?"
నవ్వులాటకన్నడనుకున్న.
"అన్ని గీతలు ఒక్క తీరుగున్నయి.
యేడాదికో గీత పెట్టుకుంటది చెట్టు.
అన్నేండ్లు ఒక్క తీరుగ వాన ఎక్కడ పడ్డది?"

హసన్‌పర్తి నుంచి జనగామ దాక
ఇరవై ఏండ్లాయె నేను దర్వాజలు గీయవట్టి.
గీ మాట ఒక్కలు అడగలే.
అరచేత్తో రాసి సూసి
అచ్చం టేకే అన్నరు, పైసలిచ్చిన్రు.

సారే లేచి ఏలు పెట్టి చూపిండు.
"ఇక్కడ ఎడంగ తియ్యి.
గోదారి ఊర్లమీదికొచ్చిన యేడు.
మేడారం తొవ్వల జీపు దిగవడి
రెండు రాత్రులు అందుట్లనే పన్న.
ఇక్కడ దగ్గర దగ్గర, మూడు.
వెంట్రుక లెక్క.
ఆ మూడేండ్లు ఇప్పపువ్వు గుడ సరిగ రాలలే.
ఇక్కడ కార్చిచ్చు తగిలింది, జర నల్లవడనియ్యి.
ఇగ ఇక్కడ..."
ఏలు అక్కడనే ఉన్నది శానా సేపు.
"ఇక్కడ కొమ్మ ఇరిగింది. కన్ను పెట్టు."
ఎందుకిరిగిందో ఆయన చెప్పలే.
నేను అడగలే.

రోలరు పక్కకు పెట్టిన.
పండ్లూడిన దువ్వెన, కోడీక, పాత బనీను గుడ్డ,
కన్నుకు నా బొటనేలు.
ఒక్క తలుపుకు దినమంత పట్టింది.
గుత్త లెక్కన చూస్తే ఆ దినం నాకు నష్టమే.

ఆయన చాయ్‌కు లేచినప్పుడు
కింద మూలకు, కీలు దగ్గర,
నాదొక గీత పెట్టిన.
ఉస్తాదు పరంజ మీదికెళ్లి జారిన యేడు.
శానా సన్నగ.
కనవడాలంటే నేల మీద పండుకోవాలె.

శనివారం పొద్దుగూకె యాళ్లకు వార్నిషు కొట్టుడైంది.
సుగుణక్క లైట్లన్ని ఏసి
ఒక్కొక్క తలుపు ముంగట నిలవడి చూసింది.
"నాలుగు మంచిగొచ్చినయి.
గిదొక్కటేంది, గిట్ల వంకరటింకర?
దీని పైసలు కొయ్యున్రి."

సారు మాట్లాడలే.
తలుపు దగ్గరికి పోయి, ఏలు మడిచి,
చెవి జర వంచి, ఒక్క దెబ్బ కొట్టిండు.
డబ్బా సప్పుడే వచ్చింది.
ముందు ఆయనే నవ్విండు.

వార్నిషు ఇంక ఆరలే.
కన్ను పక్కకే ఆయన కణుపు అచ్చు పడ్డది.
బ్రష్షు ముంచి దిద్దబోయి
మళ్ల డబ్బకు మూత పెట్టిన.