సంచి తూకం

షెట్టర్ సగం దించి
కాంటా ముందర కూసున్న.
ఇరవై రెండేండ్ల సంది మర్రిగూడ ఆకలిని జోకుతున్న,
నా ఆకలిని జోకుడు ఇదే మొదలు.

పొద్దుగాల దేవరకొండ బస్సు,
ఆడ మారితే మన్ననూరు,
ఆడికెల్లి రెండొద్దులు నల్లమలల నడక.
"మోకాలికి ఎరుకయ్యేది ఏదీ తేకు" అన్నడు
ఫోన్ల మండ్లి బయ్యన్న, దారి చూపెటాయన.

పుట్నాలు పావుకిలో. ఉండని.
పల్లీలు ఏంచి చెరిగిన,
పొట్టుకు సుత బరువుంటదని ఇయ్యాల్నే తెలిసింది.
బెల్లం పగలగొట్టి
సగం మళ్ల డబ్బాల ఏసిన.
మామిడి తొక్కు పావుకిలో, దాని గాజుసీస అరకిలో,
తొక్కు కవర్లకు దిగింది, సీస ఇంట్లనే ఆగింది.
నారాయణపేట కడక్ రొట్టెలు పది,
కాయితాల లెక్క ఎండినయి,
ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది.
చిప్సు ప్యాకెట్ల సంగతి అమ్మేటోనికి ఎరుక:
సంచిల జాగ తింటయి, కడుపుల నిలువయి.
పెరుగన్నం గిన్నె చూసి సైదక్క నవ్వింది,
"సగం నీళ్లేరా అది."

నీళ్ల కాడికి వచ్చినంక ఆగిన.
నీళ్లను ఎండబెట్టరాదు,
పొట్టు తియ్యరాదు,
లీటరంటె కిలో. బేరం లేదు.
మూడు సీసలు పెడితె
తిండంతా ఒకదిక్కు లేసింది.
ఒకటి తీసిన.
అక్క మళ్ల పెట్టింది.
తీసిన. పెట్టింది.

నీళ్ల బరువు ఆమెకు చెప్పేటంతటోణ్నా నేను.
మా బోరింగు నీళ్లు చూసేటందుకు తేటగనే ఉండె,
చెంబుల అల్కగ, గొంతుల అల్కగ.
బరువు ఎన్కకెల్లి వచ్చింది, బొక్కలల్ల,
పదకొండేండ్లకు
బడి మెట్ల కాడ కూలబడ్డ కాళ్లల్ల.
నల్లా వచ్చేటాల్లకు ఆమెకు ముప్పై దాటినయి.
గల్ల ఎనక ఎత్తు పీట మీద
ఊరే తన దిక్కు నడిచొచ్చేటట్టు కూసుంటది.
"నీళ్లు తక్కువ చేస్కోకు" అన్నది, గంతే.

బయ్యన్న భుజాన సంచే లేదు.
గుడ్డల మూటగట్టిన గుప్పెడు ఇప్పపూలు, ఒక కత్తి.
"దూప కాకముందే తాగాలె సేటూ,
దూపయినంక తాగేది నీళ్లు కాదు, బుగులు."
గుక్కెడు, గుక్కెడు,
నడుమ నాలిక మీద ఉప్పుబెడ్డ.
రొట్టె ఇరిస్తె ఫట్టుమన్నది,
చెట్టు మీద కొండముచ్చు మెడ తిప్పి చూసింది.
మధ్యాన్నానికి రెండు సీసలు ఒట్టిగైనయి.
మూడోదాని మూత తిప్పుతుంటె
చెయ్యి ఒక్క నిమిషం ఆగింది.

లోయ దిగినంక రాతి పగుల్ల ఊట.
బయ్యన్న మోదుగాకు దొన్నె పట్టిండు.
ఎంబటే తాగలేదు, నాలిక కొసకు పెట్టుకున్న.
మా ఊరి పిల్లలం అందరం గట్లనే,
నీళ్లను సుత ముందుగాల అనుమానిస్తం.
సల్లగున్నయి.
ఇంకేం లేదు, ఒట్టి సల్లదనం.

రొట్టెలైపోయినయి, పల్లీలైపోయినయి,
ఇగ అల్కగ గుట్టెక్కచ్చు.
సీస నింపిన.
"పైన రోడ్డుకాడ నీళ్లు దొరుకుతయి సేటూ."
"ఎరుకే" అన్న.
ఎక్కుతుంటె ఈపుల అది కదిలినప్పుడల్లా
ఒక పాలి మోకాళ్లు చెప్పినయి,
ఒక పాలి చెప్పలేదు.

ఇంటికొచ్చినంక అక్క సీసను కాంటల పెట్టింది.
కిలో బాటు సాలలేదు, చిన్నది ఇంకోటి ఏసింది.
"సీస బరువు ఇడిసిపెట్టు" అన్న.
బుగ్గ ఎలుతురుకు పట్టి చూసింది,
మూత తీసి వాసన చూసింది.
తాగుతదేమో, ఏమన్న అంటదేమోనని
నేను చెప్పులిప్పకుండ నిలవడ్డ.

గిన్నెల ఒంపి, పొయ్యి ముట్టించి,
చాయ్ పత్తి ఏసింది.
"లీటరు. ఎనిమిది మందికైతది.
పోయి ఖాజాబీ వాళ్లను పిలువు."