సరంగు ఇంకా నీళ్ల మీదే

వద్దన్నాను నేను.
కందుకూరు కల్యాణమండపంలో లైట్లు కట్టిన
టీవీ వాళ్లు వినలేదు,
మార్తమ్మ అసలే వినలేదు.
ఎనభై మూడేళ్లు. కుడిచెయ్యి ఆగదు.
ముద్ద నోటిదాకా పోయేలోపు
సగం మెతుకులు ఒళ్లోకి దిగుతాయి.
"ఆ చేతిని లోకానికి చూపించబాకు" అన్నా.
"లోకం చూడని చెయ్యి యాడుందిరా నాకు" అంది
పెట్టెలోంచి అందెలు తీస్తా.

నాకు గుర్తున్నది వేరే చెయ్యి.
టంగుటూరు పొలాల్లో బ్యారన్లు కాగే రాత్రులు,
మంట తగ్గితే ఆకు నల్లబడిపోతుందని
కాపలా మనుషులు నిద్రకి భయపడి
మమ్మల్ని పిలిపించుకునేవాళ్లు.
పచ్చాకు పసుపు తిరిగే వాసనలో
భుజాన తంబుర, వేళ్లకి అందెలు,
ఆమె ఒక అడుగు ముందుకేస్తే
పొయ్యిలో మంట ఒక అడుగు వెనక్కేసేది.
ఎడమపక్క నేను, డక్కీ యేసోబుని.
కుడిపక్క మస్తాను, నవ్వించేవాడు.
వాడు పోయి పన్నెండేళ్లు.
వాడి జాగాలో ఇప్పుడొక స్పీకరు పెట్టారు.

యాంకరమ్మాయి చెడ్డది కాదు.
చెప్పులు విడిచి కాళ్లకి దండం పెట్టింది.
"చివరిసారిగా" అని మూడుసార్లు అంది,
మొదటి రెండుసార్లూ గొంతు సరిగా వణకలేదని
మళ్లీ చెప్పించారు.
ముందువరుస ఎప్పుడు కళ్లు తుడుచుకోవాలో
ఒక కుర్రాడు చెయ్యి ఊపి చూపిస్తున్నాడు.
నేను డక్కీ బిగించడం మానేసి
పళ్లు బిగించి కూర్చున్నా.

సరంగు కథ ఎత్తుకుంది.
పాకల తీరాన పడవ దించిన సరంగు,
ఒడ్డున నిండుచూలాలు, పడమర గాలి.
గొంతు, ఏం చెప్పను,
ఎండిన కాలవకి నీళ్లొదిలినట్టు
ముందు మట్టి వచ్చింది, ఎండాకులు వచ్చాయి,
తర్వాత కాసిని నీళ్లు.
చేతి వణుకుకి అందెలు వాటంతటవే మోగుతున్నాయి.
అది తాళం కాదు.
నేనూ తాళం వదిలేసి
ఆ వణుకు వెంబడి డక్కీని నడిపించాను.
నలభై ఏళ్లలో అంత కష్టమైన వాయింపు లేదు.

పడవ నడిసముద్రానికి పోయింది.
అల లేచింది.
తాడు తెగింది.
ఆగిపోయింది మార్తమ్మ.

ఎంతసేపో. ఫ్యాను రెక్కల చప్పుడు వినపడింది.
కుర్రాడు చెయ్యి ఊపాడు,
ముందువరుస కళ్లు తుడుచుకుంది.
"తందాన తాన" అని సాగదీశాను,
పెదాలతో తర్వాతి మాట అందించాను.
నా వంక చూసింది. కెమెరా వంక చూసింది.
"ఈ పూటకి సరంగుని ఈడనే వదిలేస్తండా.
మిగతాది రేపు రాత్రికి.
వచ్చేటప్పుడు తలా సోలెడు బియ్యం తెండి."

బ్యారన్ల కాడ రోజూ అక్కడే ఆపేది,
సరిగ్గా ఆ తాడు తెగిన చోటనే.
రెండోరాత్రి జనం రెట్టింపయ్యేవాళ్లు.
ఇప్పుడు మరిచిపోయి ఆగిందో,
కావాలనే ఆగిందో
నేను అడగలేదు.
మంగళం పాడమని టీవీ వాళ్లు బతిమాలారు.
"కథ కాలేదు గదయ్యా" అంది. నీళ్లడిగింది.

శాలువా, కవరు, కారు.
సింగరాయకొండ గేటు కాడ
గూడ్సు పోయేదాకా ఆగాం. నిద్రపోయింది.
వేలు వాచి అందె ఊడి రాలేదు.
ఇంటికి పోయి సబ్బు రాశాక వచ్చింది.

ఆదివారం టీవీలో వేశారు.
రేపు రాత్రి మాట లేదు, బియ్యం మాట లేదు.
తాడు తెగింది, ఆమె ఆగింది,
ఆగిన మొహం మీద వయొలిన్ కుమ్మరించి
పేరు కింద "చివరి కథ" అని రాశారు.
వీధిలో అందరూ ఏడ్చారు. బాగుందన్నారు.
నేనే ఎందుకో లేచి వెళ్లి
కుండలో నీళ్లు ముంచుకు తాగాను.

వద్దన్నవాణ్ణి నేనే. ఇప్పటికీ వద్దనే అంటా.
అయినా ఆమె పిలిచింది గదా, అందర్నీ.
మర్నాడు రాత్రి సోలెడు బియ్యం
తువ్వాల్లో మూటకట్టుకుని పోయాను.
తలుపు తీసి చెయ్యి చాపింది.
సగం గింజలు గడప మీద రాలాయి.
వంగి ఒక్కొక్కటే ఏరుకుంటా
తలెత్తకుండా అడిగింది:

"యాడ ఆపానురా యేసోబూ?"