రసీదు వెనక

గిరింపేట సందులో మా అంగడి.
జూన్ నెల. ఊరంతా తోతాపురి వాసన.
గుజ్జు ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్ల వరస
మా మెట్ల దాకా వచ్చి నిలబడింది.

ఆ వరసలోంచే దిగినాడు మునిశేఖర్, మండీ బ్రోకరు,
అంత ఎండలో చంకన స్వేడ్ జాకెట్టు పెట్టుకొని.
బెంగుళూరులో కొన్నాడంట, హార్సిలీ కొండ చలికి.
ఎడమ చెయ్యి మీద మామిడి సొన,
మెడపట్టీకి జిడ్డు,
జేబు అడుగున పెన్ను కక్కిన నీలం.

"నీళ్ళతో తుడిచినా" అన్నాడు.
అదే చేయకూడదు సామీ, అనలేదు నేను.
అప్పటికే ఆ చెయ్యి అప్పడంలా బిగిసింది.

స్వేడ్ అంటే తోలుకు లోపలి వైపు.
మాంసాన్ని అంటుకొని ఉండిన వైపు,
వెలుతురు చూడాల్సిన పని లేనిది.
అందుకే ఏది తగిలినా గుటుక్కున మింగేస్తాది,
తర్వాత ఒప్పుకోదు.

ముందు కుట్టు మడతలో, ఎవరికీ కనపడని చోట
ఒక చుక్క మందు వేసి చూస్తా.
రంగు గుడ్డకు దిగితే అక్కడే ఆగిపోతా.
మెడపట్టీ మీద సుద్దపొడి పోసి రాత్రంతా వదిలేస్తా.
జిడ్డు తనంతట తాను నడిచి రావాల,
లాగితే రాదు.
తర్వాత ఆవిరి, జానెడు దూరం నుంచి,
చంటిబిడ్డ తలకు సాంబ్రాణి పొగ పట్టినట్టు.
తర్వాత ఇత్తడి బ్రష్షు, ఒకే దిక్కుగా.
ఎదురు దువ్వితే నూగంతా లేచి
పందులు పడిన చేనే.

సొన సంగతి వేరు.
సొన మరక కాదు, వాత.
కాయ కోసినోని చేతిమీద చెట్టు పెట్టేది.
మా నాయన మోచేతుల మీద ఇప్పటికీ ఉండాయి.
అది పోదు. పలచబడతాది.

ఈ పని నేను రాణిపేట తోళ్ళ ఫ్యాక్టరీలో నేర్చుకున్నా.
మా అబ్బ ఎక్కడా నేర్చుకోలేదు.
పలమనేరు పక్కన, ఊరికి అవతల,
లందలో మోకాలి లోతు దిగి తంగేడు చెక్క నీళ్ళలో నిలబడేటోడు.
ఆయన గోర్లు చచ్చేదాకా ఎర్రగానే ఉన్నాయి.
"రుద్దితే పోదా అబ్బా?" అంటే
"ఏ మందుతో రా?" అని నవ్వేటోడు.
పచ్చితోలు చీకట్లో తడిమి చెప్పేటోడు:
దీన్ని గోమార్లు పీకినాయి,
ఇది కంపలో దూరింది,
ఇది చూలుమీద ఉండింది.
అంతటితో మాట ఆపి తోలు నీళ్ళలోకి వదిలేటోడు.

నాలుగో రోజుకి మెడపట్టీ తేటపడింది.
సొన టీ రంగుకు దిగింది.
నీలాన్ని జేబుకే వదిలేసినా, లోపలే గదా.
కానీ వీపు మీద,
ఫ్యాక్టరీ వాళ్ళ పూత మందుకు కొట్టుకుపోయి,
వేలెడు గీత ఒకటి బయటపడింది.

మునిశేఖర్ ఎగిరినాడు:
"మరక తీయమంటే గీరిపెడితివే!"
ఓనరు ఏకాంబరం కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసినాడు.
నేను రసీదు తిప్పి చూపించినా.
తీసుకున్న రోజే నా చేత్తో రాసుంది:
పాత గాయాలు బయటపడవచ్చు. బాధ్యత మాది కాదు.
రాసినప్పుడు
జాకెట్టు గురించే రాసినా.

"గీరింది నేను కాదన్నా.
ఇది మేక బతికున్నప్పటిది.
మానింది కూడా, తాకి చూడు,
అంచులు నున్నగా."

బయట ట్రాక్టరు హారను కొడతానే ఉంది.
బొటనవేలు ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిపి
"ఏ కంప?" అన్నాడు.

నాకేం తెలుసు. ఏ దేశం మేకో.
"రేగు" అన్నా.
ఆ పేరు ఆయన చెయ్యికి తెలిసినట్టుంది,
చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

యాభై తగ్గించి ఇచ్చి
జాకెట్టు తొడుక్కొనే పోయినాడు, ఆ ఎండలో,
ట్రాక్టరు మీద, కాయల పక్కన.

సొనకు చెయ్యి ఆనించొద్దని
చెప్పడం మరిచిపోయినా.